చేతి వెనుక ఇంటూ గుర్తు: మైనర్ థ్రెట్ పాటల గురించి ఒక తండ్రికి సమాధానం

నమస్కారం అండీ. మిగతా పాఠకులకు కూడా విషయం తెలియాలి కాబట్టి మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెబుతాను. వర్జీనియాలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న మీ 19 ఏళ్ల అబ్బాయి ఒక సంగీత కచేరీలో దిగిన ఫొటో ఇంటికి పంపాడు. అందులో అతని రెండు చేతుల వెనుక నల్ల సిరాతో పెద్ద ఇంటూ గుర్తులు ఉన్నాయి. అవేమిటని మీరు అడిగితే ‘నేను స్ట్రెయిట్ ఎడ్జ్, నాన్నా’ అని చెప్పి, ‘మైనర్ థ్రెట్’ అనే బృందం పాటలు వినమన్నాడు. మీకు వాటిలో అరుపులు తప్ప మరేమీ వినిపించలేదు. ఇంటర్నెట్‌లో వెతికితే ఒకచోట అది తాగుడు, సిగరెట్లు, మత్తుమందులు ముట్టని కుర్రవాళ్ల ఉద్యమమని, మరొకచోట అమెరికా పోలీసులు ముఠాగా లెక్కగట్టిన గుంపు అని కనిపించింది. ఇది మతమా, ముఠాయా, అసలు సంగీతమేనా అన్నది మీ ప్రశ్న.

నేను చదువు కోసం మేరీలాండ్ వచ్చి పాతికేళ్లు దాటింది. అప్పటి నుంచి వాషింగ్టన్ నగరానికి దగ్గరలోనే ఉంటూ, ఈ సంగీతం వినిపించే హాళ్లలోనూ పార్కుల్లోనూ ఎన్నో సాయంత్రాలు గడిపాను, ఆ రికార్డులు కొనుక్కున్నాను, మా పిల్లలను కూడా ఆ కచేరీలకు తీసుకువెళ్లాను. అందువల్ల మీ ఆందోళనను తేలిగ్గా తీసుకోకుండా, నాకు తెలిసినంత వివరంగా చెప్పే ప్రయత్నం చేస్తాను. ఇది మతం కాదు. దీనికి గురువు, సభ్యత్వం, చందా, కార్యాలయం ఏవీ లేవు. ముఠా అన్న మాటకు ఒక చిన్న చరిత్ర ఉంది, దాన్ని దాచకుండా తరువాత చెబుతాను. మీ అబ్బాయి చేతి మీది గుర్తు మాత్రం మొదట ఒక తలుపు దగ్గర పుట్టింది. ఆ తలుపు సంగతి తెలిస్తే ఆ అరుపు ఎవరి మీదో, ఎందుకో అర్థమవుతుంది.

1979లో వాషింగ్టన్‌లోని విల్సన్ హైస్కూల్ పిల్లలు కొందరు ‘టీన్ ఐడిల్స్’ అనే బృందం పెట్టుకున్నారు. అందులో ఇయాన్ మకాయ్ బేస్ గిటార్, జెఫ్ నెల్సన్ డ్రమ్స్ వాయించేవారు. వాళ్లకు నచ్చిన సంగీతం పంక్ రాక్, అది వినిపించేది క్లబ్బుల్లో. అమెరికాలో ఇలాంటి క్లబ్బులు నడిచేది చాలావరకు మద్యం అమ్మకం మీద, పాట కేవలం జనాన్ని రప్పించే ఆకర్షణ. తాగే వయసు రాని కుర్రవాడిని లోపలికి రానిస్తే యజమానికి వచ్చే లాభం లేదు, పైగా వాడి చేతిలో గ్లాసు కనిపిస్తే లైసెన్సుకే ముప్పు. కాబట్టి పాట కోసమే వచ్చిన పిల్లవాడు తలుపు బయట నిలబడిపోయేవాడు, పాట అక్కర్లేని తాగుబోతు లోపల కూర్చునేవాడు. ఈ అన్యాయం ఆ పిల్లలకు చాలా గట్టిగా తగిలింది. నకిలీ గుర్తింపు కార్డుతో దొంగచాటుగా దూరడం ఒక దారి, కానీ వాళ్లు దానికంటే మంచి దారి వెతికారు.

1980 వేసవిలో టీన్ ఐడిల్స్ బస్సెక్కి కాలిఫోర్నియా వెళ్లారు. శాన్ ఫ్రాన్సిస్కోలోని మబుహే గార్డెన్స్ అనే క్లబ్బులో తాగే వయసు రాని వాళ్ల చేతుల వెనుక సిరాతో పెద్ద ఇంటూ గుర్తు వేసి లోపలికి పంపేవారు. ఆ గుర్తున్న చేతికి బార్‌లో మద్యం ఇవ్వరు, అంతే. వీళ్లు తిరిగి వచ్చి అదే పద్ధతిని వాషింగ్టన్‌లో ఎఫ్ స్ట్రీట్ మీద కొత్తగా తెరిచిన 9:30 క్లబ్ ముందు పెట్టారు: మా చేతులకు గుర్తు వేయండి, మేము తాగుతూ దొరికితే ఇంకెప్పుడూ రానివ్వకండి, కానీ పాట వినడానికి మమ్మల్ని రానివ్వండి. క్లబ్బు ఒప్పుకుంది. ఆ విధంగా ‘వీడికి మద్యం పోయవద్దు’ అని ఇతరులు వేసే ముద్రను ఆ పిల్లలు ‘నాకు మద్యం అక్కర్లేదు’ అని తామే చెప్పుకునే గుర్తుగా మార్చుకున్నారు. తాగే వయసు దాటిన తరువాత కూడా కొందరు కావాలనే ఆ గుర్తు వేసుకుని రావడం అక్కడి నుంచి మొదలైంది. 1984 చట్టం తరువాత అమెరికా అంతటా మద్యం కొనే వయసు 21 అయింది, నేటికీ చాలా క్లబ్బుల్లో 21 నిండని వాళ్ల చేతుల మీద అదే గుర్తు వేస్తారు. అంటే మీ అబ్బాయి చేతి మీద సిరా తలుపు దగ్గర మనిషి వేసిందై ఉండవచ్చు, తానే వేసుకున్నదై ఉండవచ్చు. రెండూ మామూలే.

టీన్ ఐడిల్స్ 1980 నవంబరులో విడిపోయింది. ఏడాదిపాటు కచేరీల్లో వచ్చిన డబ్బును ఖర్చు చేయకుండా దాచారు, అది సుమారు 600 డాలర్లు అయింది. పంచుకుంటే తలా కొంత వచ్చేది, కానీ వాళ్లు తమ పాటలను ఒక రికార్డుగా వేయాలని నిర్ణయించుకున్నారు. దాని కోసం పెట్టుకున్న పేరే డిస్కార్డ్ రికార్డ్స్. ఏడు అంగుళాల రికార్డు అట్ట ఎలా తయారవుతుందో వాళ్లకు తెలియదు. ఒక పాత అట్టను విప్పి, దాన్ని కాగితం మీద పెట్టి గీసి, ఆ కొలతకు ముద్రించిన కాగితాలను కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి వెయ్యి అట్టలు అంటించారు. ఆ అట్ట మీది బొమ్మలో ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టిన రెండు పిడికిళ్లు ఉంటాయి, వాటి మీద ఇంటూ గుర్తులు. ఇప్పుడు మీరు ఫొటోలో చూసింది ఆ బొమ్మకు నలభై ఏళ్ల తరువాతి ప్రతి.

ఆ వెంటనే మకాయ్, నెల్సన్ కొత్త బృందం పెట్టారు. మకాయ్ గిటార్ పక్కన పెట్టి గొంతు అందుకున్నాడు, గిటార్‌కు లైల్ ప్రెస్లర్, బేస్‌కు బ్రయన్ బేకర్ వచ్చారు. అదే మైనర్ థ్రెట్. పేరులోని మొదటి మాటకు ‘చిన్న’ అనీ, ‘మైనరు’ అనీ రెండర్థాలు ఉన్నాయి. మైనరు అన్న మాట మన కోర్టు కాగితాల్లోనూ ఉంది కాబట్టి ఆ శ్లేష మీకు వెంటనే అందుతుంది. 1980 డిసెంబరులో వాళ్ల తొలి కచేరీ జరిగింది. 1983 సెప్టెంబరు 23న చివరిది. మధ్యలో ప్రెస్లర్ కాలేజీకి వెళ్లడం వల్ల కొన్ని నెలలు ఆగిపోయింది కూడా. మూడేళ్లు నిండని ఈ బృందం పాటలన్నీ కలిపితే 26, మొత్తం వినడానికి ముప్పావు గంట చాలు.

ఇప్పుడు మీరు ‘అరుపులు’ అన్న విషయానికి వస్తాను. మీ చెవి తప్పు వినలేదు, అవి అరుపులే. అయితే ఆలాపన కోసం, స్వరాల సొగసు కోసం వింటే ఇందులో నిరాశే మిగులుతుంది. డప్పు దరువు వినేటప్పుడు మనం రాగం వెతకం, దెబ్బ ఎక్కడ పడుతోంది, ఎక్కడ ఆగుతోంది, ఆగినప్పుడు ఒళ్లు ఎలా ఎదురుచూస్తోంది అని వింటాం. హార్డ్‌కోర్ పంక్‌ను, అంటే పంక్‌లోనే మరింత వేగంగా, కరుకుగా వాయించే ఈ రకాన్ని, అలా వినాలి. 1981 ఏప్రిల్‌లో వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో డాన్ జియెంటారా అనే సౌండ్ ఇంజనీరు తన ఇంట్లో నడిపిన ఇన్నర్ ఇయర్ స్టూడియోలో వాళ్లు తొలి రికార్డు చేశారు. అందులో 8 పాటలు ఉన్నాయి, ఎనిమిదీ కలిపి పది నిమిషాలు కూడా కావు. ‘స్ట్రెయిట్ ఎడ్జ్’ అనే పాట 46 సెకన్లు. గిటార్ విద్య చూపించుకునే చోటు ఒక్కటి లేదు, చెప్పవలసింది చెప్పగానే పాట ముగుస్తుంది.

ఇంత వేగంలో చాలా బృందాల సంగీతం మట్టిలా కలిసిపోతుంది, ఏ వాద్యం ఏదో తెలియదు. మైనర్ థ్రెట్ ప్రత్యేకత అక్కడే ఉందని నా అభిప్రాయం. ప్రెస్లర్ కుడిచెయ్యి ఎంత వేగంగా కదిలినా ప్రతి కార్డ్ (ఒకేసారి కలిపి మోగించే కొన్ని స్వరాలు) విడిగా, పదునుగా వినిపిస్తుంది. నెల్సన్ డ్రమ్స్ గడియారంలా ఉంటాయి, పరుగెత్తుతాయి గానీ తొట్రుపడవు. మకాయ్ అరుస్తాడు, కానీ మాటను మింగడు. సాహిత్యం కాగితం మీద ఒకసారి చదివి తరువాత వినండి, ప్రతి పదం స్పష్టంగా అందుతుంది, అది ఈ రకం సంగీతంలో అరుదైన విషయం. మొదట ‘ఇన్ మై ఐస్’ అనే పాట వినమని సూచిస్తాను. అది నెమ్మదిగా, పళ్లు బిగబట్టి మాట్లాడుతున్నట్టు మొదలవుతుంది, ఎదుటివాడు చెప్పే సాకులను ఒక్కొక్కటిగా ముందు పెడుతుంది, ఆ తరువాత ఒక్కసారిగా కట్ట తెగినట్టు వేగం అందుకుంటుంది. నెమ్మది, వేగం, మళ్లీ నెమ్మది అన్న ఈ నిర్మాణాన్ని గమనిస్తే అది ఇష్టం వచ్చినట్టు వేసిన కేక కాదని, బాగా సాధన చేసి కట్టిన పాట అని తెలుస్తుంది.

ఈ వేగం వాళ్లకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకపోతే అన్యాయమవుతుంది. వాషింగ్టన్‌లోనే ‘బ్యాడ్ బ్రెయిన్స్’ అనే నల్లజాతి సంగీతకారుల బృందం ఉండేది. వాళ్లు జాజ్‌ను రాక్‌తో కలిపిన జాజ్ ఫ్యూజన్ వాయించి వచ్చినవారు, వాద్యాల మీద పూర్తి పట్టున్నవారు, ఆ పట్టుతో పంక్‌ను ఎవరూ ఊహించని వేగానికి తీసుకువెళ్లారు. మకాయ్ తరం కుర్రవాళ్లు వాళ్లను చూసి నేర్చుకున్నారు. బ్యాడ్ బ్రెయిన్స్ గాయకుడు హెచ్.ఆర్. పాటల్లో పదేపదే వచ్చే ‘సానుకూల మానసిక దృక్పథం’ అన్న మాట నెపోలియన్ హిల్ పుస్తకం నుంచి తీసుకున్నది. ఆ హిల్ పుస్తకం మన ఊళ్లలో పేవ్‌మెంట్ మీద, రైల్వే స్టేషన్ దుకాణాల్లో వ్యక్తిత్వ వికాసం పేరుతో తెలుగులో కూడా దొరుకుతుంది. మీరు బహుశా చదివే ఉంటారు.

ఇక సందేశం. మీ అబ్బాయి చెప్పిన మాటకు మూలమైన ‘స్ట్రెయిట్ ఎడ్జ్’ పాట మొత్తం ఉత్తమ పురుషలో ఉంటుంది. నేనూ నీలాంటి మనిషినే, కానీ మత్తులో పడి కూర్చోవడం కంటే చేయవలసిన మంచి పనులు నాకున్నాయి అన్నది దాని తాత్పర్యం. 1970ల చివర అమెరికా హైస్కూళ్లలో తాగడం, గంజాయి పీల్చడం తిరుగుబాటుకు గుర్తు అని అందరూ అనుకునేవారు. మకాయ్ తాగడు కాబట్టి తోటివాళ్లు అతన్ని ఎగతాళి చేసేవారు. అందరూ చేసే పని తిరుగుబాటు ఎలా అవుతుంది, స్పృహలో ఉండి కళ్లు తెరిచి చూడడమే తిరుగుబాటు కదా అని అతను ఎదురుతిరిగాడు. తాగి కొట్లాటకు దిగేవాళ్ల మీద కూడా అదే తొలి రికార్డులో ఒక పాట ఉంది. ఇందులో దేవుడు లేడు, పాపం లేదు, నరకం లేదు. ఆరోగ్య శాఖ నినాదం కూడా లేదు. నా మెదడు నాది, దాన్ని ఎవరికీ అద్దెకివ్వను అన్న పట్టుదల మాత్రమే ఉంది.

అయితే 1981 చివరలో వచ్చిన రెండో రికార్డులో ‘ఔట్ ఆఫ్ స్టెప్’ అనే పాట వచ్చింది. పొగ తాగడం, మద్యం తాగడం, ఆడపిల్లల వెంట వేటగాడిలా పడడం అన్న మూడింటినీ నిరాకరిస్తూ సాగే మూడు చిన్న వాక్యాలు అందులో ఉన్నాయి. తరువాతి పదిహేనేళ్ల గొడవకు మూలం ఆ వాక్యాల్లో కర్త లేకపోవడమే. తెలుగు తెలిసినవారిగా మనకు ఇది ఇట్టే అర్థమవుతుంది. మన భాషలో ‘తాగను’ అంటే నేను అనీ, ‘తాగకు’ అంటే నువ్వు అనీ క్రియ చివరి అక్షరమే చెప్పేస్తుంది, రెండింటికీ పొరపాటు పడే అవకాశం లేదు. ఇంగ్లీషులో ‘నేను’ అన్న మాట తీసేస్తే అవే పదాలు నిషేధాజ్ఞగా కూడా వినిపిస్తాయి. మకాయ్ ‘తాగను’ అని పాడాననుకున్నాడు, దేశమంతా చాలామంది ‘తాగకు’ అని విన్నారు.

ఈ ప్రమాదాన్ని అందరికంటే ముందు గుర్తించినవాడు డ్రమ్స్ వాయించే నెల్సన్. బృందంలో అందరూ ఈ నియమాన్ని ఒకే తీరుగా పట్టుకోలేదు, ఇది అందరికీ విధించిన ఆజ్ఞలా వినిపిస్తుందని అతను గట్టిగా వాదించాడు. 1983లో అదే పాటను మళ్లీ రికార్డు చేసినప్పుడు మధ్యలో వాద్యాల జోరు తగ్గించి, మకాయ్ మామూలు గొంతుతో ఇవి నియమాలు కావు, మీరేం చేయాలో నేను చెప్పడం లేదు అన్న అర్థం వచ్చే మాటలు చేర్చాడు. ఒక పాట తనను తానే సరిదిద్దుకోవడం నేను మరెక్కడా వినలేదు. మీకు ఓపిక ఉంటే రెండు రూపాలూ ఒకదాని వెంట ఒకటి వినండి. రెండోది ఉన్న రికార్డు అట్ట మీద తెల్ల గొర్రెల మంద నుంచి వేరుపడి గెంతుతున్న ఒక నల్ల గొర్రె బొమ్మ ఉంటుంది. దాన్ని గీసిన సింథియా కాన్నలీ ఆ ఊరి పంక్ చరిత్రను ఫొటోల్లో నమోదు చేసినవారిలో ముఖ్యురాలు.

వాళ్ల పాటలన్నిటినీ నేను సమర్థించను. రెండో రికార్డులోనే తెల్లవాడుగా పుట్టడమే నేరమైనట్టు తనను చూస్తున్నారని చెప్పే పాట ఒకటి ఉంది. మకాయ్ చదివిన బడుల్లో నల్లజాతి పిల్లలే ఎక్కువ, బానిసత్వపు చరిత్ర పేరుతో తాను తిన్న దెబ్బల గురించి రాశానని, జాతిని బట్టి మనిషిని శిక్షించడాన్నే వ్యతిరేకించానని అతను ఎన్నోసార్లు వివరించాడు. ఉద్దేశం అదేనని నేను నమ్ముతాను. కానీ ఆ బడి ప్రాంగణం దాటి బయటికి వచ్చిన క్షణం నుంచి ఆ పాట వేరే అర్థం తెచ్చుకుంది. జాత్యహంకారులు దాన్ని తమ పాటగా వాడుకున్నారు, 1996లో ‘స్లేయర్’ అనే మెటల్ బృందం దాన్ని పాడుతూ చివర ఒక్క మాట మార్చి అర్థాన్నే తిప్పేసింది, అది మకాయ్‌ను బాధించింది. ఈ దేశంలో గోధుమరంగు చర్మంతో ఇన్నేళ్లు బతికిన నాకు ఆ పాట ఎప్పుడూ రుచించలేదు. పంతొమ్మిదేళ్ల వయసులో రాసిన మాట కాబట్టి దాని వెనుక గాయాన్ని అర్థం చేసుకోగలను, దాని బరువును మాత్రం కవి తూచలేదని అనుకుంటాను. మీ అబ్బాయితో మాట్లాడేటప్పుడు ఈ పాట ప్రస్తావన తీసుకురండి, అతను ఏమనుకుంటున్నాడో తెలుసుకోవడానికి అది మంచి సందర్భం.

ఈ సంగీతం చుట్టూ పెరిగిన సమాజం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నా దృష్టిలో అసలు సందేశం పాటల్లో కంటే అక్కడే ఎక్కువగా ఉంది. డిస్కార్డ్ సంస్థ వాషింగ్టన్ బృందాల రికార్డులనే వేసింది, ధర తక్కువగా ఉంచింది, నేటికీ నడుస్తోంది. తొలినాళ్లలో రికార్డులు వేసినవాళ్లంతా చిన్న చిన్న ఉద్యోగాలు చేసుకునే కుర్రవాళ్లు. మకాయ్ స్నేహితుడు హెన్రీ గార్ఫీల్డ్, తరువాత హెన్రీ రాలిన్స్ పేరుతో ప్రసిద్ధుడైన గాయకుడు, ఐస్‌క్రీమ్ దుకాణంలో పనిచేసి వచ్చిన జీతంతో తన బృందం రికార్డు వేశాడు, అది డిస్కార్డ్ వేసిన రెండో రికార్డు. కచేరీలకు అన్ని వయసులవారూ రావచ్చు, టిక్కెట్టు కుర్రవాడి జేబుకు అందేలా ఉండాలి అన్న రెండు పట్టింపులు మొదటి నుంచీ ఉన్నాయి. మద్యం మీద నడిచే తలుపుకు బదులు మద్యం అవసరం లేని తలుపును వాళ్లే చర్చి హాళ్లలోనూ కమ్యూనిటీ సెంటర్లలోనూ తెరిచారు. తాగకపోవడం, తలుపు అందరికీ తెరవడం అన్నవి ఇక్కడ వేరువేరు విషయాలు కావు. మైనర్ థ్రెట్ చివరి కచేరీలో వాళ్లతో పాటు వాయించినది ‘ట్రబుల్ ఫంక్’, అది వాషింగ్టన్ నల్లజాతి వాడల సొంత సంగీతమైన గో-గో వాయించే బృందం. ఆ రాత్రి ఆ రెండు లోకాలను ఒకే వేదిక మీదికి తేవాలని వాళ్లు కావాలనే చేసిన ఏర్పాటు అది.

ఆ సమాజంలో లోపాలు లేవని కాదు. వేదిక ముందు కుర్రవాళ్లు ఒకరినొకరు గుద్దుకుంటూ చేసే నాట్యం క్రమంగా కొట్లాటగా మారింది, ఆడపిల్లలు వెనక్కి నెట్టబడ్డారు. 1985 వేసవిలో ఆ ఊరి పంక్ జనం ‘రివల్యూషన్ సమ్మర్’ పేరుతో ఆ హింసను వదిలి కొత్తగా మొదలుపెట్టాలని ప్రయత్నించారు. ఆ పిలుపు వెనుక ఎయిమీ పికరింగ్ అనే యువతి పాత్ర పెద్దది. అప్పటికి మైనర్ థ్రెట్ లేదు. వాళ్లు చేసిన చివరి పాటల్లో ఒకటైన ‘శాలడ్ డేస్’ మాత్రం ఆ ఏడాదే విడుదలైంది. అందులో గంటల మోత, అకూస్టిక్ గిటార్ వినిపిస్తాయి, పాత రోజులను తలుచుకుంటూ కూర్చోవడం మీదే ఆ పాట అసహనం చూపిస్తుంది. ఆలోచించండి, ఆ పాట రాసేనాటికి మకాయ్‌కు 21 ఏళ్లు.

మీరు చదివిన ‘ముఠా’ మాటకు ఇప్పుడు వస్తాను. స్ట్రెయిట్ ఎడ్జ్ అన్న మాట వాషింగ్టన్ దాటగానే బాస్టన్‌లో ‘ఎస్.ఎస్.డి.’ అనే బృందం చుట్టూ చేరినవాళ్లు దాన్ని మరింత కరుకుగా పట్టుకున్నారు, కచేరీల్లో ఎదుటివాళ్ల చేతుల్లోని బీరు గ్లాసులు కొట్టి పడేసేవారని ఆ కాలపు వాళ్లు చెబుతారు. అంటే ‘తాగను’ అన్నది ‘తాగకు’ కావడానికి రెండేళ్లు కూడా పట్టలేదు. 1985లో కనెక్టికట్‌లో రే కాపో, జాన్ పోర్సెలీ మొదలుపెట్టిన ‘యూత్ ఆఫ్ టుడే’ ఈ ధోరణికి కొత్త ఉత్సాహం తెచ్చింది, 1988 నాటికి శాకాహారాన్ని కూడా అందులో చేర్చింది. 1993లో సిరక్యూజ్ పట్టణానికి చెందిన ‘ఎర్త్ క్రైసిస్’ బృందం జంతువుల పాలు, గుడ్లు కూడా ముట్టని వీగన్ నియమాన్ని, మెటల్ సంగీతపు బరువును కలిపి యుద్ధభాషలో పాటలు కట్టింది. ఆ దశాబ్దంలోనే యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీలో స్ట్రెయిట్ ఎడ్జ్ పేరు చెప్పుకునే కొందరు కుర్రవాళ్లు తాగేవాళ్ల మీద దాడులు చేశారు, అక్కడి పోలీసులు వాళ్లను ముఠాగా లెక్కగట్టారు. మీరు చదివినది ఇదే. అది నిజంగా జరిగింది, సిగ్గుపడవలసిన విషయం. కానీ అది కొన్ని ఊళ్లకు, ఒక కాలానికి చెందినది. నా ఇన్నేళ్ల అనుభవంలో వాషింగ్టన్ పరిసరాల కచేరీల్లో నేను చూసిన స్ట్రెయిట్ ఎడ్జ్ కుర్రవాళ్లు చాలామంది మీ అబ్బాయిలాంటి విద్యార్థులే, చేతిలో సోడా సీసాతో గోడ పక్కన నిలబడేవాళ్లే.

మతమా అన్న మీ అనుమానానికి కూడా కొంత ఆధారం లేకపోలేదు, అది మన వైపు నుంచే వెళ్లింది. యూత్ ఆఫ్ టుడే గాయకుడు రే కాపో తరువాత హరే కృష్ణ భక్తుడై, బృందావనానికి వెళ్లి, రఘునాథ దాస్ అన్న పేరుతో ‘షెల్టర్’ అనే బృందం పెట్టి కృష్ణభక్తిని హార్డ్‌కోర్‌లో పాడాడు. ఇస్కాన్ భక్తులు పాటించే నాలుగు నియమాలు మాంసం, మత్తు, జూదం, అక్రమ లైంగిక సంబంధం వద్దనడం. ఈ జాబితాను స్ట్రెయిట్ ఎడ్జ్ కుర్రవాడు చూస్తే తన ఇల్లు చేరినట్టే అనిపించడంలో ఆశ్చర్యం లేదు. అంతకు ముందే, స్ట్రెయిట్ ఎడ్జ్ బృందం కాకపోయినా, న్యూయార్క్‌కు చెందిన ‘క్రో-మ్యాగ్స్’ 1986లో తమ తొలి ఆల్బమ్‌కు ‘కలహాల యుగం’ అని అర్థం వచ్చే పేరు పెట్టారు, అది కలియుగానికి ఇంగ్లీషు అనువాదమే. అయితే ఇది న్యూయార్క్‌లో సాగిన ఒక శాఖ, మైనర్ థ్రెట్‌కు దీనితో సంబంధం లేదు. మీ అబ్బాయి పంపిన పాటల్లో ఏ మతమూ లేదు.

మైనర్ థ్రెట్ తరువాత మకాయ్ 1987లో ‘ఫ్యుగాజీ’ అనే బృందంతో పాడడం మొదలుపెట్టాడు. అది స్ట్రెయిట్ ఎడ్జ్ అని ముద్ర వేసుకోలేదు, కానీ తలుపు విషయంలో పట్టు ఇంకా బిగిసింది. టిక్కెట్టు సాధారణంగా 5 డాలర్లు, అన్ని వయసులవారికీ ప్రవేశం, ఎవరైనా ముందు వరుసలో పక్కవాళ్లను కొడుతుంటే పాట ఆపి, డబ్బు తిరిగి ఇచ్చి బయటికి పంపేవారు. నేను ఈ దేశం వచ్చిన తొలి వేసవుల్లో ఒకనాడు నా గదిలో ఉండే అమెరికన్ మిత్రుడు నన్ను వాషింగ్టన్‌లోని ఫోర్ట్ రెనో పార్కుకు తీసుకువెళ్లాడు. గడ్డి మీద దుప్పట్లు పరుచుకుని తల్లులు, తాతలు, చంటిపిల్లలు కూర్చున్నారు, వేదిక మీద ఫ్యుగాజీ వాయిస్తోంది. అప్పటి వరకు రాక్ కచేరీ అంటే చీకటి, పొగ, తూలే మనుషులు అనుకున్న నాకు ఆ సాయంత్రం వెలుతురులో కనిపించిన దృశ్యం ఇంకా కళ్ల ముందే ఉంది. తాగడం ఇష్టం లేని నేను అంతకు ముందు యూనివర్సిటీ పార్టీల్లో సాకులు వెతుక్కుంటూ మూల నిలబడేవాణ్ని. అక్కడ ఎవరూ నా చేతిలో ఏముందో చూడలేదు.

మీరు వినవలసిన వరుస ఇలా ఉంటే బాగుంటుంది: ముందుగా ‘ఇన్ మై ఐస్’, తరువాత 46 సెకన్ల ‘స్ట్రెయిట్ ఎడ్జ్’, ఆ తరువాత ‘ఔట్ ఆఫ్ స్టెప్’ రెండు రూపాలు, చివరగా ‘శాలడ్ డేస్’. మొత్తం పది పన్నెండు నిమిషాలకు మించదు. అబ్బాయిని ‘ఎందుకు తాగవు’ అని అడగవద్దు, ఆ ప్రశ్న అతను కాలేజీలో రోజూ వింటూనే ఉంటాడు. ఆ ఫొటో ఏ కచేరీలో తీసింది, ఎవరు వాయించారు, ఆ గుర్తు తలుపు దగ్గర వేశారా, తానే వేసుకున్నాడా అని అడగండి. ఎక్కువసేపు మాట్లాడతాడు.

వచ్చే వేసవిలో మీరు అమెరికా వచ్చే ఆలోచన ఉంటే ఫోర్ట్ రెనోలో కచేరీలు ఉన్నాయేమో అబ్బాయిని చూడమనండి. మెట్రో రైలులో టెన్లీటౌన్ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లవచ్చు, మకాయ్ చదివిన ఆ హైస్కూల్ పక్కనే ఉంది, ఇప్పుడు దాని పేరు మార్చి జాక్సన్-రీడ్ అన్నారు. టిక్కెట్టు లేదు. మద్యం, గాజు సీసాలు తేకూడదు. కూర్చోవడానికి ఒక దుప్పటి, చెవుల్లో పెట్టుకోవడానికి కొంచెం దూది తీసుకువెళ్లండి, వేదికకు దగ్గరగా కూర్చుంటే మోత ఎక్కువగా ఉంటుంది.